కంప్యూటర్ ఆన్ చేస్తే చాలు, డేటా అయిపోతోంది: తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దున ఎనిమిదింటికి ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి ల్యాప్‌టాప్‌కి కలుపుతారు. ఒక మెయిల్ చూసుకుని, ఒక ఫారం డౌన్‌లోడ్ చేసి, ప్రింట్ తీసుకునేలోపే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది: ఈ రోజు 2 జీబీ అయిపోయింది. "ఏమీ చూడకుండానే ఎలా అయిపోతుంది?" అని చుట్టాలు, పక్కింటివాళ్ళు, వాళ్ళ పిల్లలు నన్ను అడుగుతూనే ఉంటారు. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పిన జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. డేటా అయిపోతోందనగానే చాలామంది చేతికందింది ఆపేస్తారు. అప్‌డేట్లు ఆపుతారు, యాంటీవైరస్ తీసేస్తారు, ఎవరో చెప్పారని ఏదో డేటా సేవర్ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తారు. దయచేసి అలా చేయొద్దు. ఎవరు ఎంత వాడారో కంప్యూటర్ తనే రాసిపెట్టుకుంటుంది. ముందు ఆ లెక్క చూడండి. పది నిమిషాల పని.

### ఏ ప్రోగ్రాం తింటోందో ఎలా తెలుసుకోవాలి?

విండోస్ 10 అయినా 11 అయినా సెట్టింగ్స్ తెరిచి, పైన వెతికే గడిలో "డేటా యూసేజ్" అని ఇంగ్లీషులో కొట్టండి. గడిచిన 30 రోజుల్లో ఏ ప్రోగ్రాం ఎంత వాడిందో వరుసగా, పెద్దది పైన ఉండేలా చూపిస్తుంది. వైఫైకి, ఈథర్‌నెట్‌కి (కేబుల్‌తో వచ్చే నెట్) లెక్క వేరువేరుగా ఉంటుంది, రెండూ చూడండి. మీరు కలిపిన హాట్‌స్పాట్ పేరు ఎంచుకుంటే దానిమీద పోయినదే కనిపిస్తుంది.

ఆ జాబితాలో పైనున్న మూడు పేర్లు కాగితం మీద రాసుకోండి. నేను చూసిన చాలా ఇళ్ళలో డేటాలో పెద్ద వాటా ఆ మూడింటిదే. బ్రౌజర్ పైన ఉంటే అది మీరు చూసిన వీడియోల సంగతి. "సిస్టమ్" పైన ఉంటే అప్‌డేట్లని అనుమానించండి. ఎప్పుడూ వినని పేరు పైన ఉంటే కింద వైరస్ గురించి రాసిన జవాబుకి వెళ్ళండి.

నెల లెక్క సరే, ఇప్పుడు ఈ నిమిషంలో ఏది లాగుతోందో చూడాలంటే స్టార్ట్ మెనూలో రిసోర్స్ మానిటర్ వెతికి తెరవండి. నెట్‌వర్క్ ట్యాబ్‌లో ప్రతి ప్రోగ్రాం పక్కన సెండ్, రిసీవ్ అని రెండు వరుసలు ఉంటాయి. రిసీవ్ అంటే మీ ఇంటికి వచ్చేది, సెండ్ అంటే మీ ఇంటి నుంచి పోయేది. కోటాలోంచి మామూలుగా రెండూ కోసేస్తారు. ఈ సంగతి తెలియకే చాలామంది డౌన్‌లోడ్లు మాత్రమే వెతికి, ఏమీ దొరక్క విసిగిపోతారు.

### మా బావమరిది ఇంట్లో ఇదే కంప్యూటర్‌కి ఎప్పుడూ ఈ బాధ లేదు. మా ఇంట్లోనే ఎందుకు?

ఆయన ఇంట్లో నెట్ నెమ్మది అయి ఉండొచ్చు. నిజంగానే అంటున్నాను. వేగం ఎంబీపీఎస్‌లో చెబుతారు, అందులో బి అంటే బిట్. డేటా జీబీలో చెబుతారు, అందులో బి అంటే బైట్. ఎనిమిది బిట్లు ఒక బైట్. 2 ఎంబీపీఎస్ లైను మీద ఒక జీబీ దిగడానికి గంటకు పైగా పడుతుంది. 100 ఎంబీపీఎస్ మీద 80 సెకన్లు చాలు.

పాత రోజుల్లో అప్‌డేట్ మొదలైతే మిగతావన్నీ నత్తనడక నడిచేవి. మనకు తెలిసిపోయేది, ఆపేవాళ్ళం. ఇప్పుడు 4జీ, 5జీ మీద ఆ సూచన కూడా ఉండదు. మీరు టీ పెట్టుకుని వచ్చేలోపు అంతా దిగిపోయి ఉంటుంది.

ఇదే కారణంగా ఊరికే స్పీడ్ టెస్ట్ చేయకండి. 300 ఎంబీపీఎస్ వస్తున్న చోట పదిహేను సెకన్ల టెస్టుకి ఒక్క డౌన్‌లోడ్ వైపే 560 ఎంబీ దాకా పోతుంది. నెట్ నెమ్మదిగా ఉందని రోజుకి నాలుగుసార్లు టెస్ట్ చేసేవాళ్ళు ఆ టెస్టులతోనే కోటా ఖాళీ చేసుకుంటున్నారు.

### ఫోన్ హాట్‌స్పాట్ మీదే ఆధారపడ్డాం. మొదట చేయాల్సింది ఏమిటి?

ఆ కనెక్షన్ మీటర్డ్, అంటే డేటాకి హద్దు ఉన్నది, అని కంప్యూటర్‌కి చెప్పాలి. ఈ పేజీలో ఒక్క పని మాత్రమే చేసే ఓపిక ఉంటే ఇది చేయండి.

వైఫై మామూలుది అనుకున్నంతసేపూ విండోస్ ధారాళంగా వాడుతుంది. అది మీ దగ్గర అపరిమితంగా ఉందనే లెక్క. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వైఫై, అందులో మీ హాట్‌స్పాట్ పేరు మీద ప్రాపర్టీస్. అక్కడ "మీటర్డ్ కనెక్షన్" అనే మీట ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. ఆ క్షణం నుంచి విండోస్ అప్‌డేట్లలో చాలా భాగం వాటంతట అవి దిగవు. స్టోర్ యాప్‌ల అప్‌డేట్లు ఆగుతాయి. ఫైళ్ళని ఇంటర్నెట్‌లో దాచే వన్‌డ్రైవ్ సింక్ నిలిచిపోతుంది. మళ్ళీ ఫైబర్ ఉన్న చోటికి వెళ్ళి వేరే వైఫైకి కలపగానే అన్నీ మామూలుగా సాగుతాయి.

మూడు చోట్ల జనం తప్పటడుగు వేస్తున్నారు.

ఈ మీట ఒక్కో వైఫై పేరుకి విడివిడిగా ఉంటుంది. నాన్న ఫోన్‌కి ఆన్ చేసి, రేపు అమ్మ ఫోన్ హాట్‌స్పాట్ కలిపితే అది లెక్కలోకి రాదు. కొత్త ఫోన్ కొని హాట్‌స్పాట్ పేరు మారినా మళ్ళీ ఆన్ చేయాలి. ఇంట్లో ఎన్ని ఫోన్లుంటే అన్నింటికీ ఒకేసారి చేసి పెట్టుకోండి.

ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ చేస్తే, అంటే ఫోన్ నెట్‌ని కేబుల్ మీదుగా ఇస్తే, కంప్యూటర్ దాన్ని వైఫై అనుకోదు, ఈథర్‌నెట్ అనుకుంటుంది. అప్పుడు ఈథర్‌నెట్ పేజీలో మీటర్డ్ ఆన్ చేయాలి. "మీటర్డ్ పెట్టినా డేటా పోతోంది" అన్నవాళ్ళలో ఎక్కువమంది దగ్గర నాకు కనిపించింది ఈ కేబులే.

ఇక మూడోది. మీటర్డ్ అన్నది విండోస్‌కి మనం చెప్పే మాట. మర్యాద ఉన్న ప్రోగ్రాములు వింటాయి. బ్రౌజర్‌లో వీడియో, గేమ్ లాంచర్లు (గేములు దింపి నడిపే ప్రోగ్రాములు), టొరెంట్లు (జనం ఒకరికొకరు ఫైళ్ళు పంచుకునే పద్ధతి) వినవు. వాటి సంగతి విడిగా చూడాలి.

ఇంకో చిన్న జాగ్రత్త కూడా ఉంది. రాత్రి ల్యాప్‌టాప్ మూయకుండా, హాట్‌స్పాట్ ఆపకుండా పడుకోకండి. పన్నెండు దాటగానే కొత్త రోజు కోటా వస్తుంది. సాయంత్రం కోటా అయిపోయి ఆగిన డౌన్‌లోడ్ ఏదైనా ఉంటే అప్పుడు మళ్ళీ మొదలవుతుంది. పొద్దున లేచేసరికి ఆ రోజు డేటా కూడా ఉండదు.

### మాది అన్‌లిమిటెడ్ 5జీ ప్యాక్. అయినా రోజువారీ కోటా అయిపోయిందని మెసేజ్ వచ్చింది. మోసమా?

మోసం కాదు. ఆ అన్‌లిమిటెడ్ ఫోన్ 5జీ సిగ్నల్ మీద ఉన్నంతసేపే. లోపలి గదిలోకి వెళ్ళి ఫోన్ 4జీకి మారితే అప్పటినుంచి పోయేది రోజువారీ కోటాలోంచే. కంప్యూటర్‌కి ఈ తేడా తెలియదు, అదే జోరులో లాగుతుంది. ఫోన్‌ని కిటికీ దగ్గర పెట్టి, పైన 5జీ గుర్తు ఉందో లేదో చూసి హాట్‌స్పాట్ ఇవ్వండి.

కోటా అయ్యాక చాలా ప్యాకుల్లో వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. అంటే గంటంతా ఆపకుండా లాగినా 29 ఎంబీ కూడా దాటదు. వాట్సాప్ అక్షరాలు వెళ్తాయి, అంతకుమించి ఆశించొద్దు.

### ఈ గొడవంతా ఎందుకు, అప్‌డేట్లు పూర్తిగా ఆపేస్తే పోదా?

పోదు. దయచేసి ఆ పని చేయకండి.

2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లలో ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. ఆ అప్‌డేట్ వేసుకున్న యంత్రాల్లోకి వాన్నాక్రై ఆ దారిన దూరలేకపోయింది. మిగిల్చుకున్న అర జీబీ కోసం పిల్లల ఫొటోలు, ఇంటి కాగితాలు పణంగా పెట్టడం నాకు మనసొప్పదు.

ఆపడం కాదు, సమయం మార్చుకోవడం మేలు. విండోస్ ముఖ్యమైన అప్‌డేట్లు నెలకోసారి, రెండో మంగళవారం వస్తాయి. అక్కడి సమయం ప్రకారం కాబట్టి మనకు ఆ రాత్రికో బుధవారానికో. ఒక్కోటి కొన్ని వందల ఎంబీ ఉంటుంది, ఒక్కోసారి జీబీ కూడా దాటుతుంది. విండోస్ అప్‌డేట్ పేజీలో పాజ్ నొక్కితే 35 రోజుల వరకు వాయిదా వేసుకోవచ్చు. నెలకోసారి ల్యాప్‌టాప్ పట్టుకుని ఫైబర్ ఉన్న స్నేహితుడి ఇంటికో, అక్కయ్య వాళ్ళింటికో వెళ్ళి ఒక గంట కూర్చోండి. అన్నీ అక్కడే దింపేసుకుని రండి.

"యాక్టివ్ అవర్స్ పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పది వరకు పెట్టాను, అయినా పగలు దిగుతోంది" అని చాలామంది అంటారు. యాక్టివ్ అవర్స్ అంటే కంప్యూటర్ వాడతామని విండోస్‌కి మనం చెప్పే గంటలు. అవి ఆపేది రీస్టార్ట్‌ని మాత్రమే, డౌన్‌లోడ్‌ని కాదు.

విండోస్ 10 వాడుతున్నవాళ్ళకి ఒక మాట. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు మద్దతు ముగిసింది. 11కి మారమని తెర మీద అడుగుతూనే ఉంటుంది. మారడం మంచిదే, కానీ అది చాలా జీబీల వ్యవహారం. హాట్‌స్పాట్ మీద ఉన్నప్పుడు పొరపాటున ఆ బటన్ నొక్కకండి.

### డెలివరీ ఆప్టిమైజేషన్ అంటే ఏమిటి? ఆపాలా?

మీ కంప్యూటర్ దింపుకున్న అప్‌డేట్ ముక్కలని వేరే కంప్యూటర్లకు పంచే ఏర్పాటు అది. విండోస్ అప్‌డేట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఉంటుంది. ఒకే ఇంట్లో రెండు మూడు కంప్యూటర్లుంటే "నా లోకల్ నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లు" అన్నది ఉంచుకోండి, ఒకటి దింపిన దాన్ని మిగతావి ఇంట్లోనే అందుకుంటాయి. "ఇంటర్నెట్‌లోని కంప్యూటర్లు" అని ఉంటే మాత్రం మార్చేయండి. ముక్కూ మొహం తెలియని కంప్యూటర్లకు మీ డేటాతో అప్‌డేట్లు పంపాల్సిన అవసరం లేదు.

### ఏమీ డౌన్‌లోడ్ చేయట్లేదు. వీడియోలు చూడట్లేదు. అయినా పోతోంది!

ఇలా అన్న మా పిన్ని సంగతి చెబుతాను. వాళ్ళు ఖమ్మంలో ఉంటారు. ఫోన్ చేసి, "పొద్దున లేచి గూగుల్ కూడా తెరవట్లేదురా, గంటలో రెండు జీబీలూ ఖాళీ. పదకొండు రోజుల నుంచీ ఇదే తంతు" అంది. ఆ ఆదివారం వెళ్ళాను.

రిసోర్స్ మానిటర్ తెరిచి ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. రిసీవ్ వరుసలో అంకెలు దాదాపు లేవు. సెండ్ వరుసలో ఒకే ఒక్క పేరు పక్కన ఆరంకెల సంఖ్య, సెకనుకోసారి మారుతూ. ఆ పేరు ఒక క్లౌడ్ బ్యాకప్ ప్రోగ్రాముది, అంటే ఫైళ్ళ కాపీని ఇంటర్నెట్‌లో దాచేది. "పిన్నీ, డెస్క్‌టాప్ మీద కొత్తగా ఏమైనా పెట్టావా?" అని అడిగాను. చెల్లి పెళ్ళి వీడియో. ఫొటోగ్రాఫర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్ ఎక్కడ పోతుందోనని కాపీ చేసి డెస్క్‌టాప్ మీద పెట్టింది. 38 జీబీ.

డెస్క్‌టాప్ మీద పెట్టిందల్లా పైకి పంపేలా ఆ ప్రోగ్రాముకి ఎప్పుడో అనుమతి ఇచ్చి ఉన్నారు. పెద్ద ఫైలు కావడంతో కోటా అయిపోయి నెట్ ఆగిన ప్రతిసారీ మళ్ళీ మొదటికొచ్చేది. అందుకే పదకొండు రోజులైనా తెగలేదు. ఆ ఫోల్డర్‌ని డీ డ్రైవ్‌లోకి మార్చి, బ్యాకప్ జాబితాలోంచి డెస్క్‌టాప్‌ని తీసేశాం. పెళ్ళి వీడియో ఇంకో కాపీ బయటి హార్డ్ డిస్క్‌లో పెట్టి పిన్ని చేతికిచ్చాను. ఆ సాయంత్రం డేటా ఇంకా ఒకటిన్నర జీబీ మిగిలే ఉంది.

వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్, ఏది వాడినా ఈ మూడూ చూసుకోండి. ఏ ఫోల్డర్లు పైకి పోతున్నాయి? పంపే వేగానికి హద్దు పెట్టే వీలుందా? గూగుల్ డ్రైవ్ అయితే "మిర్రర్" మీద ఉందా, "స్ట్రీమ్" మీద ఉందా? మిర్రర్ అంటే అక్కడున్నదంతా మీ కంప్యూటర్‌లోకి దింపి ఉంచుతుంది. స్ట్రీమ్ అంటే మీరు తెరిచిన ఫైలు మాత్రమే దిగుతుంది. తక్కువ డేటా ఉన్నవాళ్ళకి స్ట్రీమే మంచిది.

### వీడియోలకు నిజంగా ఎంత పోతుంది?

నెట్‌ఫ్లిక్స్ తన సహాయ పేజీలో చెప్పే లెక్క ఇది: తక్కువ నాణ్యతలో గంటకు 0.3 జీబీ వరకు, మధ్యస్థంలో 0.7 వరకు, హెచ్‌డీలో 3 జీబీ వరకు, 4కేలో 7 జీబీ వరకు. అదే సినిమా, అదే గంట, తేడా ఇరవై రెట్లకు పైమాట. అకౌంట్‌లో ప్రొఫైల్‌కి వెళ్ళి ప్లేబ్యాక్ సెట్టింగ్స్‌లో ఒకసారి మార్చుకుంటే చాలు. పద్నాలుగు అంగుళాల ల్యాప్‌టాప్ తెర మీద మధ్యస్థం బాగానే కనిపిస్తుంది.

మన ఇళ్ళలో అసలు డేటా పోయే చోటు సినిమాలు కావు. పొద్దున సుప్రభాతంతో మొదలై, భక్తి పాటలు, ఆ తర్వాత న్యూస్ చానల్ లైవ్. మధ్యాహ్నం దాకా హాల్లో కంప్యూటర్ అలా మోగుతూనే ఉంటుంది. చూసేవాళ్ళు ఉండరు, వంటింట్లోంచి వింటుంటారు. 2 ఎంబీపీఎస్ లైవ్ గంటకు 0.9 జీబీ తింటుంది. ఆరు గంటలు వదిలేస్తే ఐదు జీబీలు దాటిపోతాయి.

వినడానికే అయితే యూట్యూబ్‌లో పళ్ళచక్రం గుర్తు నొక్కి 144పీ పెట్టండి. మాట, పాట స్పష్టంగానే వినిపిస్తాయి, ఖర్చు మాత్రం అందులో కొద్ది వంతే. సుప్రభాతం రోజూ అదే కదా, కొనుక్కున్న పాటో, యాప్‌లో ఒకసారి సేవ్ చేసుకున్నదో ఫోన్లోనే పెట్టుకుంటే ఇంకా మంచిది. ఆటోప్లే మీట ఆపేయండి. ఒక వీడియో అయ్యాక ఇంకోటి, ఇంకోటి అని మనం నిద్రపోయాక కూడా నడిచేది దాని వల్లే.

### ఆన్‌లైన్ క్లాసులు, ఆఫీసు మీటింగులు తప్పవు కదా?

తప్పవు. వాటికి మాత్రం మొహమాటపడకుండా వాడండి, తగ్గించగలిగింది తగ్గిస్తూ. జూమ్ చెప్పే ప్రకారం ఇద్దరి మధ్య 720పీ వీడియోకి 1.2 ఎంబీపీఎస్ రావడానికి, అంతే పోవడానికి కావాలి. అంటే గంటకు ఒక జీబీ పైన. దానికన్నా తక్కువ నాణ్యతకి 600 కేబీపీఎస్ చాలు, అంటే అందులో సగం. వీడియో సెట్టింగ్స్‌లో హెచ్‌డీ టిక్కు తీసేయండి. క్లాసు వినే పిల్లలు తమ కెమెరా ఆపుకుంటే పోయే వైపు ఖర్చు దాదాపు ఉండదు. టీచరు మాట్లాడుతున్నప్పుడు పీపీటీ తప్ప ఇంకేం కదలకపోతే వచ్చేవైపు కూడా తక్కువే.

డాలస్‌లోనో సిడ్నీలోనో ఉన్న కొడుకు, కోడలు, మనవళ్ళతో ఆదివారం రెండు గంటలు మాట్లాడేవాళ్ళకి నేను కెమెరా ఆపమని చెప్పను. మనవడి మొహం చూడటం కోసమే కదా ఆ డేటా! ఆ రోజుకి మిగతావి ఆపి పెట్టుకోండి.

### మా వాడు గేమ్స్ ఆడతాడు. గేమ్ ఆడితే అంత పోతుందా?

ఆడితే కొద్దిగానే పోతుంది. దింపుకోవడం, అప్‌డేట్ అవడం దగ్గరే అసలు ఖర్చు. ఇప్పటి పెద్ద గేములు ఒక్కోటి వంద జీబీ దాకా ఉంటాయి. స్టీమ్ అనే గేమ్ లాంచర్‌లో సెట్టింగ్స్, డౌన్‌లోడ్స్‌లోకి వెళ్ళి ఆటోమేటిక్ అప్‌డేట్లకి సమయం కట్టేయొచ్చు, వేగానికి హద్దు పెట్టొచ్చు. కంప్యూటర్ ఆన్ అవగానే లాంచర్ తెరుచుకోకుండా టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ జాబితాలో ఆపండి. ఆడనప్పుడు అది నడవాల్సిన పని లేదు.

### బ్రౌజర్‌లో ఏం మార్చాలి?

క్రోమ్‌లో సెట్టింగ్స్, పర్‌ఫార్మెన్స్‌లో "ప్రీలోడ్ పేజెస్" అని ఉంటుంది. మీరు నొక్కుతారేమోనని ముందే పేజీలు దింపి ఉంచే ఏర్పాటు. ఆపేయండి. ఫైర్‌ఫాక్స్‌లో ఆటోప్లేని ఆడియో, వీడియో రెండింటికీ ఆపే వీలుంది, దాన్ని పెట్టుకుంటే వార్తల సైట్లలో మూలన వాటంతట అవి మొదలయ్యే వీడియోలు ఆగుతాయి. ప్రకటనలు ఆపే మంచి ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం) ఒకటి చాలు, ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ నమ్మదగింది.

క్రోమ్‌లో డేటా తగ్గించే లైట్ మోడ్ వెతుకుతున్నారా? దాన్ని గూగుల్ 2022లోనే తీసేసింది. ఇప్పుడు ఆ పేరుతో కనిపించే ఎక్స్‌టెన్షన్లని నమ్మకండి.

### వాట్సాప్ డెస్క్‌టాప్ కూడా తింటుందా?

గ్రూపులు ఎక్కువుంటే తింటుంది. పొద్దున్నే వచ్చే శుభోదయం ఫొటోలు, వీడియోలు ఫోన్లో ఒకసారి, కంప్యూటర్‌లో ఇంకోసారి దిగుతాయి, రెండూ ఒకే కోటాలోంచి. సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌లోకి వెళ్ళి వీడియోల ఆటోమేటిక్ డౌన్‌లోడ్ ఆపండి.

### ఇది వైరస్ పని కావచ్చా?

కావచ్చు. అన్నిటికన్నా ముందు దాన్నే అనుమానించక్కర్లేదు, కానీ తెలియని పేరు గంటలకొద్దీ సెండ్ చేస్తూ కనిపిస్తే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు.

మీ కంప్యూటర్‌ని దారిగా వాడుకుని వేరేవాళ్ళ పనులు నడిపే వ్యాపారం ఒకటుంది. ఉచిత వీపీఎన్‌లు (మన నెట్‌ని వేరే చోటి మీదుగా నడిపే ప్రోగ్రాములు) దానికి పాత ద్వారం. హోలా అనే ఉచిత వీపీఎన్ తన వాడకందార్ల కనెక్షన్‌ని లుమినాటి అనే మరో సేవ ద్వారా అమ్ముతోందని 2015లో బయటపడింది. 2024 మేలో అమెరికా న్యాయశాఖ 911 ఎస్5 అనే ముఠా వలని కూల్చినట్టు ప్రకటించింది. ఉచిత వీపీఎన్ ప్రోగ్రాముల్లో దాక్కుని ఇళ్ళలోని విండోస్ కంప్యూటర్లలోకి దూరిన వల అది, 1.9 కోట్లకు పైగా ఐపీ చిరునామాలు (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ని గుర్తించే అంకెలు) అందులో చిక్కాయి. ఆ దారిలో ఎవరైనా నేరం చేస్తే ముందు కనిపించేది మీ ఇంటి చిరునామా. అందుకే ఇది డేటా కన్నా పెద్ద విషయం.

"మీ మిగులు డేటా అమ్ముకుని డబ్బు సంపాదించండి" అనే యాప్‌లూ అదే దారిని మీ అనుమతితో అడుగుతాయి. కాలేజీ పిల్లలు వీటికి ఆశపడుతున్నారు. ఇంట్లో ఒకసారి అడిగి చూడండి.

అనుమానం ఉంటే ఉచిత వీపీఎన్‌లు, క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్లు తీసేసి, విండోస్ సెక్యూరిటీలో ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. 2017లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్‌లో బాట్‌లు (మన కంప్యూటర్‌ని వేరేవాళ్ళ పనికి వాడే దొంగ ప్రోగ్రాములు) తొలగించే పనిముట్లు ఉచితంగా దొరుకుతాయి.

### పక్కింటివాళ్ళు మా వైఫై వాడుతున్నారేమో?

తేల్చుకోవడం తేలిక. ఒక రాత్రి ఇంట్లో కంప్యూటర్లు, టీవీ, ఫోన్ల వైఫై ఆపేసి, రౌటర్‌ని మాత్రం ఆన్‌లో ఉంచండి. పడుకునే ముందు, లేచాక, కంపెనీ యాప్‌లో డేటా అంకె రాసుకోండి. పెరిగితే ఇంకెవరో ఉన్నారు. అంకె కొన్నిచోట్ల ఆలస్యంగా మారుతుంది కాబట్టి మధ్యాహ్నం ఇంకోసారి చూడండి.

రౌటర్ పేజీలో కలిసి ఉన్న పరికరాల జాబితా ఉంటుంది. చిరునామా మామూలుగా 192.168.1.1, జియోఫైబర్‌కి 192.168.29.1. వైఫై పాస్‌వర్డ్‌తో పాటు రౌటర్‌లోకి వెళ్ళే పాస్‌వర్డ్ కూడా మార్చి, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండానే వైఫైకి కలిపే ఏర్పాటు) ఆపేయండి. పక్కింటి పిల్లాడికి పరీక్షలప్పుడు మనమే ఇచ్చిన పాస్‌వర్డ్ ఏమో, గొడవకి పోయేముందు గుర్తుచేసుకోండి.

### మాది ఫైబర్, నెలకు 3300 జీబీ. ఇదంతా మాకెందుకు?

నెలకు 3300 అంటే రోజుకు 110 జీబీ. మామూలు వాడకంతో అది దాటడం కష్టం. దాటిందంటే ఆగకుండా నడిచేది ఏదో ఉంది. టొరెంట్ దింపాక సీడింగ్, అంటే ఆ ఫైలుని ఇతరులకు పంపడం, ఆపకపోవడం ఒకటి. ఇంకోటి సీసీ కెమెరాలు. రికార్డింగంతా క్లౌడ్‌కి పంపే కెమెరా 2 ఎంబీపీఎస్ చొప్పున రోజుకు 21.6 జీబీ పంపుతుంది. నాలుగు కెమెరాలు నెలకు 2,592 జీబీ. కదలిక ఉన్నప్పుడే పంపేలా, మిగతాది లోపలి మెమరీ కార్డులో దాచేలా మార్చండి. కంప్యూటర్ మీద నెపం వేసేముందు గేటు దగ్గర కెమెరా వైపు ఒకసారి చూడండి.

### మాక్, లైనక్స్ వాళ్ళకి?

మాక్‌లో యాక్టివిటీ మానిటర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ ఉంది. వెంచురా నుంచి వైఫై వివరాల్లో లో డేటా మోడ్ కూడా ఉంది, హాట్‌స్పాట్‌కి దాన్ని ఆన్ చేయండి. లైనక్స్‌లో ఇప్పటి సంగతికి నెట్‌హాగ్స్, నెల లెక్కకి వీఎన్‌స్టాట్ అనే ప్రోగ్రాములు ఉన్నాయి.

### నా కంప్యూటర్ లెక్క ఒకటి, కంపెనీ లెక్క ఇంకొకటి. ఎవరిని నమ్మాలి?

కొద్ది తేడా సహజం. విండోస్ ఒక జీబీని 1024 ఎంబీలుగా లెక్కిస్తుంది, కంపెనీ 1000గా లెక్కిస్తే జీబీల దగ్గర ఏడు శాతం దాకా తేడా వస్తుంది. ఇంట్లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి కాపీ చేసిన ఫైళ్ళు కూడా విండోస్ లెక్కలో కలుస్తాయి, కంపెనీ లెక్కలో ఉండవు. టీవీ, ఫోన్లు వాడింది కంపెనీ లెక్కలోనే ఉంటుంది.

సగానికి సగం తేడా ఉంటే అడగాల్సిందే. వారం రోజులు పొద్దున ఒకే సమయానికి రెండు అంకెలూ నోట్‌బుక్‌లో రాసి, తెర ఫొటోలు తీసి పెట్టుకోండి. బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు డేటా హద్దులో 50, 90, 100 శాతం అయినప్పుడల్లా కబురు పంపాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016లో ఆదేశించింది. మీకు ఆ మెసేజ్‌లు ఏ తేదీల్లో వచ్చాయో, అసలు వచ్చాయో లేదో కూడా రాయండి. తేదీ, సమయం వారీగా సెషన్ల వివరాలు కావాలని కస్టమర్ కేర్‌ని అడిగి, ఫోన్ పెట్టేసేలోపు డాకెట్ నంబర్ (మీ ఫిర్యాదు నంబర్) తప్పక తీసుకోండి. జవాబు సరిగ్గా రాకపోతే అదే కంపెనీలో అప్పీళ్ళు వినే అప్పిలేట్ అథారిటీకి రాయవచ్చు, ఫీజు ఉండదు. అక్కడ ముందు అడిగేది ఆ డాకెట్ నంబరే.